ఇన్నమ్మ గదికి పోయే వైరు

మా అత్తమ్మ ఇన్నమ్మకు రెండు కళ్లూ పోయాయి. జబ్బు పేరు నీటికాసులు. మా ఖానాపురం హవేలి వీధిలో అడిగిన ప్రతివాళ్లూ "పాపం, వయసు గదా" అని నాలుక చప్పరించి పోతారు. వయసూ లేదు, వల్లకాడూ లేదు. ఆ జబ్బును ఏడాది పాటు మా కంట పడకుండా దాచింది మా ఇంట్లో టీవీల స్ప్లిటరు. దాని మీద చెయ్యి పెట్టింది నేను. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ధైర్యం లేక చెప్పలేదు, అంతే.

అత్తమ్మ అంటున్నాను గాని, ఆమె నా మొగుణ్ణి కన్నది కాదు. కన్నతల్లి కామెర్లతో పోయింది. తండ్రి ఏడాది తిరక్కుండానే సత్తుపల్లిలో ఇంకో కాపురం పెట్టాడు. అప్పుడు నా మొగుడు క్రీస్తుదాసుకు నాలుగేళ్లు, మరిది షాలేమ్‌రాజు ఇంకా పాలు తాగే పిల్లాడు. ఇద్దర్నీ తీసుకుపోయి పెంచిన పెద్దమ్మ ఈ ఇన్నమ్మ. పెళ్లి మాట ఎత్తిన వాళ్లతో "ఇద్దరు పిల్లల తల్లిని, నన్నెవడు చేసుకుంటడు?" అని నవ్వేదట. నిజంగానే ఎవడూ చేసుకోలేదు.

వేంసూరు దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. పదహారేళ్లకే భద్రాచలం అడవి అంచున ఒక మిషను కంటి ఆసుపత్రిలో ఊడ్చే పనికి చేరింది. తర్వాత అక్కడే ఆయా అయింది. ముప్పై నాలుగేళ్లు చేసింది. వ్యానులో కోయగూడేలకు పోయి, ముసలివాళ్లను మంచం మీద కూర్చోబెట్టి, కంట్లో టార్చి కొట్టి చూసేది. నల్లగుడ్డులో తెల్లపొర కనబడితే వ్యానెక్కించేది. కన్ను పీకేస్తారని భయపడి అడవిలోకి పారిపోయేవాళ్లను వాళ్ల మాటల్లోనే తిట్టి, బతిమాలి తెచ్చేది. ఆపరేషనయ్యాక కళ్లకు గుడ్డలు కట్టిన పదిమందిని ఒక వరసలో నిలబెట్టి, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి వేయించి, మొదటివాడి చెయ్యి తన భుజం మీద వేసుకుని వార్డుకు నడిపించేది. "ఒక్కడు తప్పటడుగేస్తే పదిమందీ పడ్తరు. అందుకే ముందు నడిచేటోడు అబద్ధం చెప్పొద్దు. రాయుంటే రాయి, గుంతుంటే గుంత" అని మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మేము వినీ వినీ విసుగెత్తిపోయాం.

రిటైరై వచ్చిన డబ్బుతో ఇక్కడ ఇల్లు కట్టింది. ముందు హాలు, పక్కన మా గది, ఆ పక్క షాలేమ్ గది, వెనకాల పెరటి తలుపు పక్కన తన గది. పెద్ద గదులు మాకిచ్చి చిన్నది తను తీసుకుంది. హాల్లోకి రంగుల టీవీ కూడా ఆమే కొన్నది. నాలుగేళ్లు ఆ ఒక్క టీవీ ముందే అందరం కూర్చున్నాం. నాకు సీరియల్, షాలేమ్‌కు క్రికెట్, మా ఆయనకు వార్తలు, ఆమెకు పులులూ జింకలూ వచ్చే ఛానెల్. రోజూ రిమోటు కోసం కొట్లాటే. చచ్చే గోలగా ఉండేది. ఆ గోల పోవాలని నేను మొక్కుకోని రోజు లేదు. పోయింది, నా మొక్కు తగలెయ్య.

రెండువేల ఐదులో షాలేమ్‌కు పెళ్లయి ఆరాధన వచ్చింది. తన గదిలో కొత్త టీవీ పెట్టించుకుంది. ఆమె పెట్టించుకున్నాక నేనూరుకుంటానా? నెలలోపు నా గదిలో కూడా టీవీ వచ్చింది. హాల్లోది అత్తమ్మ గదిలోకి పోయింది. కనెక్షను మాత్రం ఒక్కటే. కేబులాయన చందూలాల్ నిచ్చెన వేసుకుని వచ్చి హాలు గుమ్మం మీద ఒక చిన్న ఇనుప డబ్బీ బిగించాడు. ఒక పక్క వైరు లోపలికి పోతుంది, ఇంకో పక్క మూడు పిన్నుల నుంచి మూడు వైర్లు బయటికొస్తాయి. దాన్నే స్ప్లిటరంటారు.

"అక్కా, మంచిగినుండ్రి," అన్నాడు నిచ్చెన మీది నుంచి. "వచ్చే సిగ్నల్ ఒక్కటే. ఈ ఒంటి పిన్నుకు సగం పోతది. ఈ జంట పిన్నులకు మిగిలిన సగం చెరిసగం. పెద్దమ్మ రూముకు వైరు పొడుగు, గందుకని ఒంటిది ఆమెకు పెట్టిన. దీన్ని కదిలియ్యకుండ్రి."

వారం కాలేదు, నా టీవీలో చుక్కలు మొదలయ్యాయి. సీరియల్‌లో పెళ్లి జరుగుతోంది. పెళ్లికూతురు మొహం మీద ఇసుక పోసినట్టు చుక్కలు. ఆరాధన టీవీలోనూ అంతేనట, ఆ పిల్ల పట్టించుకోలేదు. వెనక గదిలో ముసలామెకు మాత్రం జింక తోక మీద వెంట్రుకలు కూడా లెక్కబెట్టుకునేంత బాగా వస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. జింకకెందుకు అంత సిగ్నలు?

ఒక మధ్యాహ్నం మా ఆయన కుసుమంచిలో ఆఫీసుకు పోయాడు. షాలేమ్ షేర్ ఆటో తీసుకుని పోయాడు. ఆరాధన నిద్రపోతోంది. అత్తమ్మ పెరట్లో బియ్యం కడుగుతోంది. స్టూలెక్కి, ఒంటి పిన్నుకున్న ఆమె వైరు విప్పి, నా వైరు దానికి బిగించి, ఆమెది జంట పిన్నుల్లో ఒకదానికి తగిలించాను. రెండు నిమిషాల పని. కిందికి దిగి, స్టూలు తుడిచి, యథాస్థానంలో పెట్టాను. సాయంత్రం నా గదిలో పెళ్లికూతురి ముక్కుపుడక తళతళలాడింది.

మర్నాడే ఆమె అడిగింది. "కళా, నా టీవీల బొమ్మ మసకమసకగొస్తుంది బిడ్డా. చందూలాల్‌కు చెప్పరాదు?"

"చెప్తనత్తమ్మా," అన్నాను. చెప్పలేదు. వాడు వచ్చి పైకి చూస్తే నా దొంగతనం బయటపడుతుంది. వారం పోయాక మళ్లీ అడిగింది. "చెప్పిన, ఆదివారం వస్తనన్నడు" అన్నాను. ఆ తర్వాత వాడికి ఒంట్లో బాగాలేదన్నాను. తండాలో పెళ్లన్నాను. వైరు దొరకట్లేదన్నాను. అబద్ధాలాడి ఆడి నాకే ఏది చెప్పానో గుర్తుండేది కాదు. తేలు కుట్టిన దొంగ బతుకంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇంతలో ఇంట్లో ఇంకో రకం తంతు మొదలైంది. అత్తమ్మ వడ్డించుకుంటే అన్నం కంచంలో, కూర కంచం అవతల. గుమ్మం దగ్గర పెట్టిన బకెట్టును రోజూ తన్నేది. పక్కనుంచి మా పాప పిలిస్తే అటు తిరిగేది కాదు. షాలేమ్ ఒకసారి "ఏంది పెద్దమ్మా, ఎటు చూసి నడుస్తున్నవ్? కండ్లు నెత్తికెక్కినయా?" అని కసిరాడు. ఆరాధన నాతో గుసగుసగా "కావాల్నని తన్నుతుందక్కా, మనల్ని తిప్పలు పెట్టనీకె" అంది. నేను ఔనన్నాను. ఔను అనడం ఎంత హాయిగా ఉండేదో అప్పుడు.

ఆమె గది ఊడ్చేది నేనే. ఆమె కుర్చీ మొదట గోడకు ఆనించి ఉండేది. తర్వాత టీవీకి నాలుగడుగుల దూరంలోకి వచ్చింది. తర్వాత రెండడుగులు. ఊడ్చినప్పుడల్లా నేను దాన్ని ఈడ్చి మళ్లీ గోడకు ఆనించేదాన్ని. మర్నాటికి అది మళ్లీ టీవీ ముందుకు జరిగి ఉండేది. ఒక్కసారన్నా ఆగి, ఈ ముసలామె ఎందుకింత దగ్గరికి జరుపుకుంటోందని అనుకుంటే నా సొమ్మేం పోయేది? చుక్కలు కదా, దగ్గరికి జరుపుకుందిలే అనుకున్నాను. చుక్కలు పెట్టింది నేనే కదా మరి.

వానాకాలంలో ఒక రోజు ఆమె గదిలోకి బట్టలు పెట్టడానికి పోయాను. కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో ఆసుపత్రి నాటి టార్చి. తన కంట్లో తనే లైటు కొట్టుకుని చూసుకుంటోంది. టీవీ నడుస్తోంది.

"తెల్లపొర లేదు," అంది. "నల్లగనే ఉంది. శుక్లమైతే తెల్లగుండాలె గదా." నా అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది. "కళా, నిజం చెప్పు బిడ్డా. బొమ్మే మసకనా, నా కండ్లే మసకనా?"

టీవీ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. తల తిప్పితే చాలు, అటు చూడొచ్చు. చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా మనసంతా గుమ్మం మీది డబ్బీ దగ్గరే ఉంది. అడుగుతున్నది కళ్ల గురించని నా బుర్రకెక్కలేదు. పిన్ను గురించి కూపీ లాగుతోందనుకున్నాను.

"బొమ్మే అత్తమ్మా," అన్నాను. "ఒక్క సిగ్నల్ ముగ్గురం పంచుకుంటే గట్లనే ఉంటది. నీ కండ్లకేమైంది, బంగారమసొంటి కండ్లు."

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. "అవ్ తీ," అని టార్చి ఆర్పి పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత దాన్ని మళ్లీ బయటికి తీయగా నేను చూడలేదు.

దసరాకు చందూలాల్ మా వీధి మూల స్తంభం మీద సిగ్నల్ పెంచే కొత్త డబ్బా పెట్టాడు. అప్పట్నుంచి మూడు గదుల్లోనూ బొమ్మ అద్దంలా వస్తోందట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. నా గదిలో అంతకు ముందూ బాగానే వచ్చేది కాబట్టి నాకు తేడా తెలీలేదు. షాలేమ్‌కు తెలిసింది, చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? ఎవరి గది వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. అత్తమ్మ మాత్రం మసక, మసక అంటూనే ఉంది. ఇదంతా మమ్మల్ని సాధించడానికే అని నేను లోలోపల పళ్లు నూరేదాన్ని. పది నెలల్లో ఒక్కరంటే ఒక్కరం ఆమె పక్కన కూర్చుని ఆ టీవీ చూసిన పాపాన పోలేదు. హాల్లో కొట్లాడుకునే రోజులైతే వారంలో దొరికిపోయేది ఆ జబ్బు.

మరుసటేడు మట్టల ఆదివారం మా చర్చి ఊరేగింపును లోకల్ ఛానెల్ వాళ్లు వీడియో తీసి సోమవారం సాయంత్రం వేశారు. మా పాప తాటి మట్ట పట్టుకుని ముందు వరసలో నడిచింది. ఎవరి గదిలో వాళ్లం చూస్తున్నాం. వెనక గది నుంచి అత్తమ్మ కేకేసింది. "పాప ఏదే? ఎప్పుడొస్తది?"

"గిప్పుడే, ముందే ఉంది!" అని నేను అరిచాను.

"కనబడ్తలేదే!"

పాప నా పక్కనుంచి లేచి అటు పరిగెత్తింది. దాని గొంతు వినబడింది. "గీడనే ఉన్న గద నాయనమ్మా! పెద్దగ, మంచిగ కనబడ్తున్న! గిదేంది, నువ్వు అటు చూస్తున్నవ్?"

లేచి పోయాను. గుమ్మంలో నిలబడి పది నెలల తర్వాత మొదటిసారి ఆ టీవీ వైపు చూశాను. బొమ్మ నా గదిలో అంత బాగానూ ఉంది. పాప లంగా మీది పూలు కూడా కనిపిస్తున్నాయి. అత్తమ్మ మొహం టీవీ అద్దానికి జానెడు దూరంలో ఉంది. తలను అటూ ఇటూ తిప్పుతూ, సూది బెజ్జంలోంచి చూస్తున్నదానిలా పాప కోసం వెతుకుతోంది. పక్కకు పోయి ఆమె చెంప దగ్గర నా చెయ్యి ఆడించాను. రెప్ప కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఖమ్మంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోయిందన్నాడు. చుట్టూ చూపు పోయి మధ్యలో గుండుసూది తలంత మిగిలిందన్నాడు. పోయింది రాదు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి కంట్లో వేసే చుక్కలు రాసిచ్చాడు, అవి నిలబెడతాయో లేదో చెప్పలేనన్నాడు.

"ఏడాది కింద తీసుకొచ్చినా సగం చూపన్నా దక్కేది. కంటి ఆసుపత్రిలో పనిచేశానంటున్నారు, మీకు తెలియలేదామ్మా?" అని అడిగాడు.

"కేబుల్ వైరు మంచిగ లేదనుకున్న సారూ," అంది అత్తమ్మ.

డాక్టరుకు నవ్వొచ్చింది. నర్సు కూడా నవ్వింది. అత్తమ్మా నవ్వింది. మా ఆయన ఇబ్బందిగా నవ్వాడు. ఆ గదిలో నవ్వనిది నేనొక్కదాన్నే.

క్రిస్మస్ నాటికి ఆ గుండుసూదంత కూడా పోయింది. ఆమె టీవీ ఎవరూ పెట్టడం లేదు. పండుగ దాటి వారం కాలేదు, షాలేమ్ నోరు తెరిచాడు. "వదినా, పెద్దమ్మకు బొమ్మెందుకు? మాట వినాల్నంటే మన గదులల్లకెళ్లి వినబడనే వినబడ్తది. ఆ మూడో వైరు పీకిస్తే మనిద్దరికీ ఇంకింత జోరుగొస్తది." ఈ మాట అన్నది ఆమె ఎదుటే. హాల్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను వద్దనలేదు. వద్దనడానికి నాకేం మొహముంది అనుకున్నాను. నిజానికి నాకూ కావాలనిపించింది, అదీ ఉన్నమాట.

ఆ పూటే చందూలాల్ రెండు పిన్నుల డబ్బీ తెచ్చాడు. నిచ్చెనెక్కి పాతది చూసి ఆగిపోయాడు.

"గిదేందక్కా? ఒంటి పిన్ను పెద్దమ్మ రూముకు పెట్టిన గద నేను. మీ రూముకెట్లొచ్చింది?"

"ఏమో," అన్నాను. "సున్నం వేసినోళ్లు మార్చిండ్రేమో."

ఆ డబ్బీ పెట్టాక మా ఇంటికి సున్నమే వేయించలేదు. అత్తమ్మ చేతిలో చింతపండు ముక్క అలాగే ఉండిపోయింది. ఒక క్షణం ఆగి, గింజను వేలితో తడిమి తీసి పళ్లెంలో వేసింది. చందూలాల్ ఆమె వైరును చుట్టచుట్టి సంచిలో వేసుకుపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన ఊళ్లో లేడు. అత్తమ్మను చర్చికి నడిపించే పని నా మీద పడింది. చెయ్యి పట్టుకోబోయాను.

"గట్ల కాదు," అంది. "నువ్వు ముందు నడువు. నేను భుజం పట్టుకుంట. మా వార్డుల గట్లనే నడిపించేటోళ్లం."

ముందు నేను, నా భుజం మీద చెయ్యి వేసి వెనక ఆమె. వీధి సగం దాటాం.

"కళా."

"ఆఁ, అత్తమ్మా."

"నువ్వు స్టూలెక్కిన రోజు నేను పెరటి తలుపులకెళ్లి చూసిన."

నా కాళ్లు ఆగిపోయాయి. ఆమె చెయ్యి నన్ను ముందుకు తోసింది. మళ్లీ నడిచాను.

"చూసినవా? మరి... మరి ఏమన్నా అనలేదేందత్తమ్మా?"

"ఏమంట? సీరియల్ పిచ్చి, చూసుకుంటది పోనీ అనుకున్న. ఇంట్ల లొల్లెందుకు అనుకున్న." నాలుగడుగులు నడిచాక మళ్లీ అందుకుంది. "వానలప్పుడు నాకు డౌటొచ్చింది. మా డాక్టరమ్మ చెప్పేది, తెల్లపొర వస్తే మంచిదే ఇన్నమ్మా, అది కనబడ్తది, నల్లగున్న కంట్ల జొరబడేటి జబ్బొకటుంటది, అది దొంగ అని. అది యాదికొచ్చింది. దవాఖానకు పోదామనుకున్న. పోయే ముందు నిన్నొక్కమాట అడిగిన. నువ్వు బొమ్మే అన్నవ్."

నేను ముందుకే చూస్తూ నడిచాను.

"వైరు మార్చింది నువ్వే గద. నీకంటే బాగ ఎవలకు తెలుస్తది? నీ మాట నమ్మి టార్చి లోపల పెట్టిన," అంది.

అరవలేదు, ఏడవలేదు, శాపం పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది, నేనూ తిరిగి ఒక మాట అనేదాన్ని. ఆమె వేళ్లు మాత్రం నా భుజంలోకి దిగాయి. నొప్పికి కళ్లలో నీళ్లొచ్చాయి. నొప్పికేనని చెప్పుకుంటున్నాను.

చర్చి ముందర మురుగునీళ్ల మోరీ ఉంది, దాని మీద బండ పోయి మూడు నెలలైంది.

"మోరీ వచ్చిందత్తమ్మా," అన్నాను. "పెద్దడుగెయ్యి."

నా భుజం మీది చెయ్యి ఆగింది.

"నిజంగనేనా?" అంది.

"నిజంగనే, అత్తమ్మా. దేవుని తోడు."

ఆమె కదల్లేదు. కుడికాలి చెప్పు విడిచి, బొటనవేలితో నేలంతా మెల్లగా తడుముకుంటూ పోయి, మోరీ అంచు తగిలాక, అప్పుడు దాటింది.